నడుమ ఎక్కడ

ఎడింబరాలో నవంబరు. నాలుగింటికే చీకటి.
మూడో అంతస్తు ల్యాబులో ఫ్రిజ్ హోరు ఒక్కటే మాట్లాడుతోంది.
మోరగ్ కన్ను సూక్ష్మదర్శినికి అతుక్కుపోయింది.

గాజుపలక మీద ఈస్ట్ కణాలు,
మందు గొట్టాల్లా పొడుగ్గా, కొసలు గుండ్రంగా.
ఒక్కోదాని కడుపులో ఒక్కో కేంద్రకం
సరిగ్గా నడుమ.
కొలబద్ద లేదు, కన్ను లేదు,
ఇదిగో ఇక్కడ, అని చెప్పే పెద్దమనిషి లేడు.
మరి నడుమ ఎలా తెలిసింది?

తోస్తే తెలుస్తుంది.
కేంద్రకం నుంచి అటూ ఇటూ సన్నని పుల్లలు మొలుస్తాయి.
ఈ కొసన గోడకి తగిలి వంగుతాయి,
ఆ కొసన గోడకి తగిలి వంగుతాయి,
కుంగి, కరిగి, మళ్ళీ మొలిచి మళ్ళీ తోస్తాయి.
రెండు తోపులూ ఒకదాన్నొకటి
ఓడించలేకపోయిన చోటుకే
నడుమ అని పేరు.

పొద్దున మోరగ్ వాటిని యంత్రంలో పెట్టి గిర్రున తిప్పింది.
కేంద్రకాలన్నీ ఒక కొసకి జారి
చెరువు గండిపడ్డ చేపల్లా పోగయ్యాయి.
యంత్రం ఆగింది. ఆమె గడియారం చూసింది.
పది నిమిషాలు.
ఇరవై.
ఎవరూ పిలవకుండానే
ఒక్కొక్కటీ వెనక్కి జరుగుతూ వచ్చాయి.

అన్నీ కాదు.
అప్పటికే రెండవ్వాలని తెగించిన కొన్ని ఆగలేకపోయాయి.
గోడ పక్కకి లేచింది.
ఒక పిల్ల బారెడు, ఒక పిల్ల బెత్తెడు.
నోట్‌బుక్కులో "తప్పు" అని రాయబోయి
కొట్టేసి
"పక్కకి" అని రాసింది.

తలుపు భుజంతో తోసుకుని తుంపే వచ్చింది,
తుడుపు కర్ర, నీలం బకెట్, తడి బూట్లు.
ఫ్లాస్కు మీది పేరు చదివి పకాలున నవ్వింది:
"పోంబే! మా తుకుయులో ఇది బీరు కదమ్మా!"
అవును, అక్కడిదే.
ఎప్పుడో తూర్పు ఆఫ్రికా చిరుధాన్యాల బీరులో దొరికిన ప్రాణి,
ఊరు మారినా పేరు మార్చుకోలేదు.
"అయితే మూడేళ్ళుగా
నేను తుడుస్తున్నది సారా దుకాణమన్నమాట."

చూస్తావా, అంది మోరగ్.
తుంపే ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.
పుల్లల సంగతీ గోడల సంగతీ విన్నది.
తర్వాత చేతి తొడుగులు తీస్తూ, నేలతో చెబుతున్నట్టు:

"మేం ముగ్గురం అక్కచెల్లెళ్ళం, ఒకటే మంచం.
నేను మధ్య.
రాత్రంతా ఆ వైపు అక్క మోచెయ్యి, ఈ వైపు చెల్లి మోకాలు.
పొద్దున్నే లేచి అమ్మతో రోజూ పోట్లాట.
అక్క పెళ్ళయి వెళ్ళిన రాత్రి
ఒళ్ళు విరుచుకుని హాయిగా పడుకున్నాను.
తెల్లారేసరికి నేల మీద ఉన్నాను."

మోరగ్ నవ్వబోయి ఆగింది.
బకెట్‌లో నీళ్ళు ఇంకా ఊగుతున్నాయి.
లెన్సు కింద
ఒక కేంద్రకం దారి మధ్యలో ఉంది.
"ఇది చేరుతుందా?"
"ఇంకో పుల్ల గోడకి తగలాలి."
తుంపే తుడుపు కర్ర గోడకి ఆనించి
మళ్ళీ కన్ను పెట్టింది.