ఖాళీ గడి

పొద్దున్న ఏడున్నరకి ఫైలు దిగుతుంది.
పేరులో తేదీ, తేదీ వెనక ఒక గీత,
గీత వెనక ఎవరో ఎప్పుడో తగిలించిన ‘ఫైనల్ రెండు’.
తొమ్మిదేళ్లు దాన్ని నేనే తెరిచాను.
నిన్నటి కింద ఇవాళ్టిది అతికించాను.
బోటు నెంబరు, రేవుకి చేరిన వేళ, రకం, కిలోలు, పాట ధర.
ఒకరోజు వంజరం అని వచ్చేది, ఒకరోజు వంజ్రం,
ఇంకోరోజు కోనం.
మూడూ ఒకటే చేప అని
కంప్యూటరుకి చెప్పే నాథుడు లేడు.
పదింబావుకి ఆదినారాయణ గారి బల్ల మీద
ఒక్క కాగితం సారాంశం.
ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టేవారు.

ఫిషింగ్ హార్బరు ఆఫీసుకి కిటికీ ఉంది.
కిటికీకి ఏసీ బిగించారు.
సముద్రం వాసనొస్తుంది, కనబడదు.

వేట నిషేధం అరవై ఒక్క రోజులూ ఫైలు వచ్చింది,
తలవరస ఒక్కటే, కింద ఏమీ లేకుండా,
విస్తరి వేసి వడ్డన మరిచినట్టు.
ఆ తీరిక రోజుల్లోనే మాక్రో రాయడం నేర్చుకున్నాను.
మొదటిసారి నడిపితే
సున్నాతో భాగించనని మొండికేసింది.
నిజమే, చేపే లేని రోజున సగటు ధర ఎంతని చెబుతుంది?
ఖాళీలన్నీ సున్నాలు చేసెయ్, సున్నా వస్తే తప్పుకుపో అన్నాను.
ఊరుకుంది.

జూన్ సగంలో బోట్లు కదిలాయి.
రెండుంపావు గంటల పని, పదకొండు సెకన్లు!
మిగిలిన పొద్దుని ఏం చేసుకోవాలో తెలీక
పాత రసీదులు సర్దాను, గోళ్లు గిల్లుకున్నాను.
ఎవరికీ చెప్పలేదు.
చెబితే ఇంకో ఫైలు ఇస్తారు.

నాలుగోవారం, గురువారం,
పాట పాడే దేముడమ్మ గుమ్మంలో నిలబడింది,
నడుముకి చిల్లర సంచి, మోచేతుల దాకా పొలుసులు.
“ఏటమ్మా, మా ఎల్లాజీ బోటు
వత్తానన్న దినం దాటి మూడు దినాలైపోనాది.
నువ్వు ఫోను సెయ్యలేదేటి?
ఎప్పుడూ ముందు అడిగేది నువ్వే కదేటి?”

నేనా?

అవును. వరస వెంట వరస దిగుతూ దిగుతూ
ఖాళీ గడి దగ్గర నా వేలు ఆగేది.
భీమిలిలో ఆగాడా, వల చిక్కుకుందా అని
ఊరికే ఒక ఫోను.
అదీ పనేనని నాకెవరూ చెప్పలేదు,
మాక్రోకి నేనూ చెప్పలేదు.

షీటు తెరిచాను.
మూడు రోజులు: సున్నా, సున్నా, సున్నా.
ఎంత శుభ్రంగా ఉందో.
బోటు వచ్చి చేప పడకపోతే సున్నా.
బోటే రాకపోతే ఖాళీ.
ఈ రెంటికీ మధ్య ఏడుగురు మనుషులున్నారు.

ఆదినారాయణ గారు టీ గ్లాసు తీసి
ఆ కాగితం మొదటిసారి చదివారు.
తరవాత అన్నీ ఫోన్లే, కోస్ట్ గార్డుకి, కళింగపట్నానికి,
పేరు తెలియని ఎవరెవరికో.
మర్నాడు సాయంత్రం కబురు:
ఇంజను పోయి కొట్టుకుపోతుంటే
ఇంకో బోటు తాడు కట్టి లాక్కొస్తోందిట.

రాత్రి ఒంటిగంటకి జెట్టీ మీద నిలబడ్డాను,
తొమ్మిదేళ్లలో మొదటిసారి.
డాల్ఫిన్స్ నోస్ మీంచి లైట్‌హౌస్ వెలుగు
నీళ్లని వరస వరసా తడుముతోంది.
ఎల్లాజీ దిగాడు. పెదాలు ఉప్పుకి పగిలాయి.
“ఆపీసోలు కూడా ఒచ్చీసినారేటి!
ఐసు కరిగిపోనాది, సరుకంతా పారబోసినాం.
రాసుకోమ్మా, సున్నా కిలోలు.”

ఆ సున్నా చేత్తో కొట్టాను.

ఇప్పుడు మాక్రో ఖాళీ కనబడితే ఆగుతుంది,
గడికి పసుపు పూస్తుంది,
పక్కన ఫోను నెంబరు చూపిస్తుంది.
ఫోను నేనే చేస్తాను.
వంజరం, కోనం ఒకటేనని కూడా దానికి చెప్పేశాను.
ఆ ‘ఫైనల్ రెండు’ ఎవరు పెట్టారో మాత్రం
ఇప్పటికీ తెలీదు.