ఉత్త నీళ్ల గిన్నె

వఫ్రాలో ఐదున్నరకే
గ్రీన్‌హౌస్ ప్లాస్టిక్కు చెమట కారుస్తుంది.
టమాటా ఆకు తుంచి వెలుతురుకెత్తి చూస్తాను:
రెండు పొరల నడుమ తెల్లటి దారి,
దారి చివర నూకగింజంత పురుగు,
మేస్తూ.

మెధత్ సారు ఈజిప్టు మనిషి.
ఆరు సీసాల మీద పేర్లు గీకేసి
అంకెలు అంటించాడు.
పేరు తెలిస్తే చెయ్యి మొగ్గుతుందట.
పది లెక్కపెట్టేదాకా ఆకును మందులో ముంచి
నీడన ఆరబెట్టి గిన్నెలో పరుస్తాను.
గిన్నెకు పది పురుగులు.
ఏడో గిన్నెకు ఉత్త నీళ్లు.

మూడోనాడు కుంచె పట్టుకుంటాను,
నాలుగు వెంట్రుకల కుంచె.
తాకితే మెలితిరిగింది బతికినట్టు.
కదలనిదాన్ని ఇంకోసారి తాకి
అప్పుడు రాస్తాను.

నాలుగో నంబరు గిన్నెలో
పదికి ఎనిమిది లేచి నడిచాయి.
ఆ సీసా మూత తియ్యగానే ముక్కు గుర్తుపట్టింది.
అంగళ్లులో రవణప్ప అంగట్లో
అప్పుకు తెచ్చిన మందు.
మూడేళ్లు కొట్టాను.
సాలదని రెట్టింపు,
రెట్టింపూ సాలదని ఇంకో రెండు కలిపి,
మూతికి తువ్వాలు కట్టి
ఆఖరి సాలు దాకా, గట్టు మీది గడ్డి దాకా.

"అలవాటు పడ్డాయి" అన్నాడు సారు.
నాకొచ్చిన ఇరవై అరబ్బీ మాటల్లో
అదొకటి. వచ్చిన కొత్తలో
నన్ను చూపించి అనేవాళ్లు.

నీళ్ల గిన్నె ఎందుకని అడిగానొకరోజు,
అందులో చచ్చేదేముందని.
ఖర్జూరం గింజ ఊసి చెప్పాడు:
"అది లేకపోతే తక్కిన ఆరూ అబద్ధం."

ఆ రాత్రి పై మంచం మీద వెల్లకిలా పడుకొని
రెండెకరాల సాళ్లూ ఒక్కొక్కటే నడిచొచ్చాను.
ఒక్కటంటే ఒక్కటి వదల్లేదే.
పంట పోయింది మందు సాలకా, మందు వల్లనా,
ఆ ఏటి గాలికా
అడగడానికి ఒక్క సాలూ మిగుల్చుకోలేదు.

శుక్రవారం బావమరిది నారపరెడ్డి ఫోను.
"ఊజి పడింది బావా. ఆడ మందుల కాడే ఉండావు గదా,
ఏది కొట్టాలో చెప్పు."
నాకు తెలిసినవి అంకెలే.
"ఏదన్నా కొట్టు. ఒక్క సాలుకు మాత్రం
ఉత్త నీళ్లు కొట్టు."
కాసేపు ఏమీ అనలేదు.
"ఎండ దెబ్బ తగిలిండాది నీకు" అని పెట్టేశాడు.

ఇవాళ ఏడో గిన్నె మూత తీశాను.
తొమ్మిది కదిలాయి.
పదోదాన్ని
ఇంకోసారి తాకుతున్నాను.