కొంతసాలె

మెట్టుగూడ మీసేవలో ఆ పిల్లవాడు
రెండు వేళ్ళతో నా ఇంటిపేరు కొట్టి
తలెత్తి చూశాడు.
"కొంత సాలె అంటే ఏందక్కా?
సగం సాలోళ్ళా?"

వెనక లైన్లో ఎవరో నవ్వారు.
నేనూ నవ్వాను.
యాభై రెండేళ్ళుగా ఇక్కడికి రాగానే
నవ్వడం నాకు అలవాటు.

మా తాతకు తాత పాలరాతి పనివాడు.
ఏ నవాబుదో మేడలో మెట్లు పరవడానికి
ఇటలీ నుంచి రాళ్ళతో పాటు దిగాడట.
మెట్లు పూర్తయ్యాయి, బాకీ తీరలేదు.
వసూలయ్యేదాకా ఉందామని
లాలాగూడలో గది తీసుకున్నాడు.
ఎదురింట్లో రాయమ్మ జొన్నరొట్టెలు కాలుస్తోంది.
బాకీ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

పేరుకు అర్థం మా ఇంట్లో మూడు రకాలు.
ఉప్పు లెక్కపెట్టేవాడని నాన్న:
సముద్రం ఒడ్డున కొటార్లలో
బస్తాకో గీత గీసే గుమాస్తా.
పెదనాన్న ఒప్పుకోడు.
గుమాస్తాలేంది, మనం దొరలం, అనేవాడు
రైల్వే వర్క్‌షాపులో రాత్రి డ్యూటీకి
టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.
రాయమ్మ మాత్రం ఆ పేరును
మొదటి రోజే తెలుగు చేసుకుందట:
"కొంతైతే సాలె.
ఇంతకన్నా మంచి ఇంటిపేరు ఏ ఊళ్ళున్నది?"

కొత్త టెలిఫోన్ డైరెక్టరీ వచ్చినప్పుడల్లా
నాన్న రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి పోయి
'సి' దగ్గరొకసారి, 'కె' దగ్గరొకసారి
వేలు పెట్టి కిందికి దిగేవాడు.
జంటనగరాలూ గాలించి ఇంటికొచ్చి
"మనోళ్ళు ఒక్కరు లేరు" అనేవాడు, గొప్పగా.
"మనకే ఫోను లేదు గదయ్యా,
ఎట్లుంటరు?" అనేది అమ్మ
బియ్యంలో రాళ్ళేరుతూ.

బాప్తిస్మం పుస్తకంలో సి. బడి రిజిస్టర్లో కె.
వాళ్ళ దేశంలో ఇంటిపేరు తోక, మన దగ్గర తల.
తోకను తెచ్చి తలకు కట్టేసరికి
పెన్షన్ కాగితాల్లో నాన్న
ఇద్దరు మనుషులయ్యాడు.
ఇద్దరికీ పైసా రాలేదు.

ఎంతమందిమి ఉన్నామని అడిగితే
నా చిన్నప్పుడు రేషన్ కార్డులో తొమ్మిది.
జసింతక్క పెళ్ళై గోనె వారింటికి పోయింది.
ఉప్పు పోయి గోనెలో పడ్డది
అని నాన్న ఆ రోజంతా నవ్వి, రాత్రి ఏడ్చాడు.
పెదనాన్న కొడుకులు సర్టిఫికెట్ల గొడవ పడలేక
కె. ఒక్కటే ఉంచుకొని మిగతాది మింగేశారు.
నారాయణగూడ సమాధుల తోటలో
పదకొండు రాళ్ళ మీద ఉంది,
ఒకదాని మీద అక్షరం తప్పు.
భూమి పైన నేనూ, మా తమ్ముడు ఎలియాజరూ.

వాడికి పెళ్ళి లేదు.
నాకు పెళ్ళైనా పేరు మారలేదు.
"నా పేరు వెయ్యిమందికి ఉంటది,
నీది పోతే దొరకదు, ఉంచుకో" అన్నాడు మా ఆయన.
ఆ ఒక్క మాట కోసం
ఆయన గురకను పాతికేళ్ళు భరించాను.

ఆ దేశపు పేర్ల పటం ఒకటి
మొన్న ఎలియాజరు చూపించాడు.
పొడుగు బూటులాంటి నేల మీద
మా పేరుకు ఒకే చుక్క.
చుక్క అంటే పదిమంది లోపు
అని కింద చిన్న అక్షరాలు.
ఆ పదిమంది లోపల ఎవరో ఒకరు
వాళ్ళూరి ఆఫీసులో నిలబడి
అక్షరం అక్షరం పలికి చెబుతుంటారా?

"అక్కా, లైనున్నది.
ఇడగొట్టి కొట్టాల్నా, కలిపి కొట్టాల్నా?"

కలిపే, అన్నాను.
రసీదులో విడిగానే వచ్చింది.

చిలకలగూడ దాకా నడిచి
కిరాణాలో గల్లుప్పు కొన్నాను.
సాయంత్రం చారులో పిడికిలి విప్పాను,
ఎంత పడిందో చూసుకోకుండా,
ఎప్పటిలాగే.

ఒక గుక్క తాగి
గిన్నె కింద పెట్టాడు ఎలియాజరు:
"ఉప్పు సాల్లేదక్కా."