మైదా జిగురు

హాస్టల్ కెటిల్లో మైదా ఉడుకుతోంది.
వార్డెన్ చూసిందంటే కెటిల్ పోద్ది,
మంచం కింద పోస్టర్లు పోతాయి,
నా సీటూ పోవచ్చు.
చెంచాతో తిప్పుతూనే ఉన్నాను, ఉండలు కట్టకుండా.

"నీకెందుకే కెజియా ఇదంతా?
ఆ పిల్ల నీకేమవుద్ది?" అంది జాహ్నవి,
ఇయర్‌ఫోన్ ఒకటి తీసి.

పెద్ద జవాబు లేదు నా దగ్గర.
ఒక ఆటో ఉంది.

నంబూరు నుంచి గుంటూరుకి షేర్ ఆటో,
తొమ్మిది మందిమి.
వెనక సీట్లో మలావీ నుంచి వచ్చిన చిసోమో,
ఒళ్లో ఫార్మసీ పుస్తకం.
డ్రైవరు అద్దంలో చూసి ఒక మాటన్నాడు.
ఆ మాట ఇక్కడ రాయను. పోస్టర్ మీదా రాయలేదు.
ఆటో అంతా నవ్వింది.
నేనూ నవ్వాను.
పెద్దగా కాదు, పళ్లు కనపడేంత.

తెలుగు రాదనుకున్నాం.
పెదకాకానిలో దిగి
"చిల్లర పది రూపాయలివ్వండి అన్నా" అంది.
అన్నా అంది, వాణ్ణి.

ఆ రాత్రి రెండుసార్లు పళ్లు తోముకున్నాను.

నా రంగు సంగతి నాకు తెలియంది కాదు.
బళ్లో ఏ డాన్సుకైనా చివరి వరస నాది.
మేనత్త కొనిచ్చిన తెల్లబడే క్రీము
అయిపోతే ట్యూబు కత్తిరించి
గీకి మరీ రాసుకున్నదాన్ని.

వేసవిలో హాస్టల్ మూసేస్తే
బ్రాడీపేటలో గది కోసం తిరిగాం ఇద్దరం.
నాలుగో లైన్లో టూలెట్ బోర్డు ఉంది,
చిసోమోని చూశాక ఇల్లు లేదు.
పదకొండో లైన్లో ఆమెను గేటు బయట ఉంచి నేనొక్కదాన్నే వెళ్లాను.
ఓనరమ్మ మంచినీళ్లిచ్చింది,
మీరేవిట్లని అడగలేక పేరడిగింది.
చెప్పాను.
"ఓహో" అంది. నా చేతిలో గ్లాసు వంక చూసింది.
ఇల్లు మొన్ననే మాటైపోయిందట.

ఆమెనైతే ఏమీ అడగక్కర్లేదు.
నన్ను ఒక్కటి అడగాలి.
మా ఇద్దరికీ అంతే తేడా.

మెట్లు దిగుతూ నేను ఏడ్చాను.
చిసోమో పుల్లైసు కొనిపెట్టింది.
తన పేరుకి వాళ్ల భాషలో కృప అని అర్థమట.
మా అమ్మ పేరు కృపమ్మ.
మిర్చి యార్డు దగ్గర ముచ్చికలు తీస్తుంది.
ఆ వేళ్లు తగిలితే మంట అని
మోచేత్తో నిమురుద్ది నా చెంప.

ఇవేవీ పోస్టర్ మీద పట్టవు.
పోస్టర్ మీద ఉన్నదొక్కటే:
ఫిర్యాదులు వినే కమిటీ కావాలి,
అందులో వాళ్ల మనిషి ఉండాలి.

డీన్ గారు "మన దగ్గర అట్లాంటివేం లేవమ్మా" అన్నారు.
క్యాంటీన్లో సంఘం అన్న
"ముందు మన సమస్యలు చూద్దాం చెల్లెమ్మా" అన్నాడు.
ఆ 'మన'లో నేనున్నానా అని అడిగాను.
టీ చల్లారేదాకా కలుపుతూ కూర్చున్నాడు.

ఐదు రోజుల్లో తొంభై ఏడు సంతకాలు.
పదిహేను పెన్సిలుతో పెట్టినవి.
చిసోమోది లేదు.
"నీకైతే మెమో ఇస్తారు,
నాకైతే టికెట్టిస్తారు" అంది.
నేనేమీ అనలేకపోయాను.
ఆ మౌనంలోనే ఆటో సంగతి చెప్పేశాను,
ఆ రోజు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నానని.
"తెలుసు" అంది.
"అద్దంలో కనపడ్డావు."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

తలుపు చప్పుడు.
జాహ్నవి దిండు తీసి కెటిల్ మీద కప్పబోయింది.
వార్డెన్ కాదు.
ఫారిన్ బ్లాక్ నుంచి చీకట్లో నడిచొచ్చిన చిసోమో,
చేతిలో బట్టలుతికే బకెట్టు.
కెటిల్లోకి తొంగి చూసి మొహం చిట్లించింది.
"ఉండలు కట్టింది. పిండి ఇట్లాగేనా తిప్పేది?
మా ఇంట్లో అయితే పస్తుండేవాళ్లం" అని
నా చేతిలో చెంచా లాక్కుంది.