ఎర్తు వైరు

కోనాడ నుంచి బయల్దేరేసరికి
రోజూ చీకటే.
ఐసు ఫ్యాక్టరీ లెక్కలు కట్టి, తాళాలు అప్పగించి
కారెక్కి దీపాలు వేస్తే
ఆ వెలుగు బానెట్టు దాటి నాలుగడుగులు పోయి
అక్కడే కూలబడేది.
హైవే ఎక్కాక కాస్త నయం.
నాతవలస దాకా ఏదో ఒక లారీ వెనక
దాని వెలుగు అప్పు తీసుకొని నడిపేదాన్ని.
అది పక్కకి తిరిగిపోతే
నా చీకటి నాకొచ్చేసేది.

పశువుల డాక్టరు గారు రిటైరైపోతూ
అమ్మేసిన మారుతి. ఇరవై ఆరేళ్లది.
వెనక సీటుకి ఇప్పటికీ ఫినాయిల్ వాసన.
స్టీరింగు కుడికి తిప్పితేనే హారన్ మోగుతుంది.
ఎడం ఇండికేటరుకి మాత్రం
పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినదానిలా
ఒకటే కంగారు.
అద్దం దించే పిడి నా పర్సులో ఉంటుంది.

మొన్న సరుగుడు తోటల మలుపులో
సైకిలు మీద మనిషి, వెనక వలల మూట.
బ్రేకు తొక్కాకే కనిపించాడు.
తిట్టలేదు. దగ్గరికొచ్చి, దీపాలకేసి వంగి చూసి
"ఏటమ్మా, ఇవి ఎలుగుతున్నాయా, ఆరతన్నాయా?" అన్నాడు.
తిట్టినా బాగుండేది.

ఆదివారం. విజయనగరం.
మూడు లాంతర్లు దాటాక సందులో
తవిటేసు కొట్టు. బోర్డు లేదు,
గుమ్మానికి పాత డోములు కట్టిన తీగొకటి.
కొత్త బల్బులు నేనే కొనుక్కెళ్లాను,
నీలంగా మెరిసేవి, ఖరీదైనవి.
వాటిని చూడనైనా చూడలేదు.
"బల్బేటి సేసింది తల్లీ, పాపం?"
టెస్టు లైటు పట్టుకొని
బ్యాటరీ పక్కన తలకాయ దూర్చినవాడు
ఎంతకీ మాట్లాడడు.

చివరికి బోల్టొకటి విప్పాడు.
దాని కింద పచ్చగా, తెల్లగా
ఉప్పు పూసిన రాగి.
"సముద్రం గాలమ్మా. వైరు కొస తినీసినాది.
కరెంటు ఎల్తే సాలదు, తిరిగి రావాల.
దీనికి నేల అందట్లేదు."

ఆ మాట అనేసి
తన పనిలో తను పడ్డాడు.
నేను మాత్రం ప్లాస్టిక్ స్టూలు మీద
టీ చల్లారేదాకా ఉండిపోయాను.
ఎన్ని మార్చానో అప్పటిదాకా.
బల్బులు రెండుసార్లు, బ్యాటరీ,
ఒకసారి నా కళ్లజోడు కూడా.

గరుకు కాగితంతో రుద్దాడు, రేకు మెరిసేదాకా.
కొత్త కొస, కొత్త వాషరు, కాస్త గ్రీజు.
అద్దాలకి పట్టిన పసుపు తియ్యడానికి
కూతురు బంగారిని పిలిచాడు. ఏడో తరగతి.
టూత్‌పేస్టు, చిరిగిన బనీను ముక్క.
ఆ పిల్ల గుండ్రంగా, గుండ్రంగా తోముతూ
"అక్కా, దీనికి గార పళ్లు" అని నవ్వింది.

ఇండికేటరు సంగతి అడిగితే
వెనక్కెళ్లి, ఆరిపోయిన బల్బు తీసి చూపించాడు.
"జతది పోతే ఉన్నది అలాగే కొట్టుకుంటాది."
పది రూపాయల బల్బు.
పాలు దింపుకున్నట్టు నెమ్మదించింది.
మరి హారనో?
"ఒకేపైనా మోగుతున్నాది కదేటి. వచ్చే వారం సూద్దాం."
అన్నీ కలిపి నూట ఇరవై.
నా నీలం బల్బులు నా చేతిలోనే పెట్టి
"కొట్టోడికిచ్చీ, డబ్బులెట్టీసుకో" అన్నాడు.

సోమవారం రాత్రి, అదే రోడ్డు.
స్విచ్చి నొక్కగానే
సరుగుడు చెట్లు వరసగా లేచి నిలబడ్డాయి.
ఏ గతుకులో ఎన్ని నీళ్లున్నాయో తెలిసింది.
నక్క ఒకటి ఆగి, నన్ను చూసి,
తన దారిన పోయింది.

కల్వర్టు దగ్గర
రెండేళ్లుగా రోడ్డంచున పడుకునుండే కుక్క.
పాపం లేపడమెందుకని
రోజూ కుడికి కోస్తాను.
సరిగ్గా హారన్ మోగే వైపే. అయినా కొట్టను.
ఇవాళ వెలుగులో చూస్తే
వానకి తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తా.
ఎవరో దింపి, మరిచిపోయింది.

అయినా నా చేతులు
కుడికే తిప్పాయి.
హారన్ కొట్టలేదు.