నాలుగో గడి

పాత రిజిస్టరులో మూడే గళ్లు:
తేదీ, పేరు, కారణం.
అసిరయ్య పేరు పక్కన
కారణం నేనే రాశాను.
"కూలీ అజాగ్రత్త."
దస్తూరీ బాగుందన్నాడు కంట్రాక్టరు.

ఆ రోజు కోటబొమ్మాళి దాటాక
రోడ్డుకి అడ్డంగా ఒక తాటిమట్ట,
సున్నం కొట్టిన నాలుగు రాళ్లు,
కర్రకి కట్టిన ఎర్రగుడ్డ
(దాలమ్మ పాత చీర చెంగు అది).
అప్పట్లో మా ట్రాఫిక్ ఏర్పాట్లంటే అంతే.
టెక్కలి నుంచి గ్రానైటు దిమ్మతో వస్తున్న ట్రైలరుకి
తాటిమట్ట కనిపించేసరికి
అసిరయ్య కూడా కనిపించాడు.
ఇద్దరూ ఒకే దూరంలో.

తరవాత రూలొచ్చింది.
పిన్నులు కొట్టిన కట్ట, ప్రతి పేజీకీ ముద్ర.
మొదట్లో మేం దాన్ని వానలాగే చూశాం,
పడి ఎలిసిపోతుందిలే అని.
పదకొండు మందికి ఆరు చొక్కాలు.
ముందు ఆరుగురు తొడుక్కుని ఫొటో,
వాళ్లు విప్పిచ్చాక మిగతావాళ్లు తొడుక్కుని ఇంకో ఫొటో.
వెండి పట్టీల మీద
మడత కూడా చెదరలేదు.

ఈ ఏడాది వచ్చిన ఏఈ మేడమ్
ఫొటోలు చూడలేదు.
జీపు దిగి టేపు ఒక కొస దాలమ్మ చేతికిచ్చి
"నడవండి" అంది.
ముప్పై మీటర్ల టేపు.
అయిపోయిన చోట గీత గీసి, మళ్లీ నడక.
"ఇంకా నేటమ్మా?"
"ఇంకా."
దాలమ్మ ఎండలో నారింజ చుక్కయ్యేదాకా.
"మొదటి బోర్డు అక్కడ."

అక్కణ్నుంచే అరిచింది దాలమ్మ:
"ఇక్కడ పనేటి నేదు కదమ్మా, ఒట్టి రోడ్డే!"
"ఆ ఒట్టి రోడ్డే కావాలి మనకి."

నాకప్పుడు అర్థమైంది.
కట్టలో అన్ని పేజీలూ కలిసి
ఒక ఖాళీ జాగా అడుగుతున్నాయి,
దిమ్మ మోసే బండి తన బరువు తను గుర్తుచేసుకుని
బ్రేకు మీద కాలు పెట్టేంత జాగా.

బోర్డు లేకపోతే బిల్లు లేదన్నాక
కంట్రాక్టరుకి భక్తి కుదిరింది.
కోన్లు వచ్చాయి, రాత్రికి మిణుకు దీపాలొచ్చాయి.
వారానికి మూడు కోన్లు పోయాయి కూడా.
ఒకటి కళ్లంలో, ఒకటి పకోడీల బండి ముందు,
ఒకటి కోడిపిల్లల మీద బోర్లించి.
పిల్లల్ని బుట్టలోకి తోలి
ఆ కోను చంకన పెట్టుకొచ్చింది దాలమ్మ,
రెట్ట కడగమంటే
"ఆనకి పోద్దిలెండి" అంది.

ఇప్పుడామె చేతిలో గుండ్రటి పలక.
ఇటు ఎరుపు, అటు ఆకుపచ్చ.
అక్షరాలు రావు, ఏ వైపు ఏమిటో వచ్చు.
భావనపాడు చేపల ఆటో ఆగింది,
మంచు కరిగి రోడ్డు మీద చార కడుతోంది.
డ్రైవరు తిట్టాడు. పెళ్లివ్యానులోంచి ఎవరో ఈల వేశారు.
"బేగెల్లాలా నాయనా?
ఆగినోడే బేగెల్తాడు."
పలక తిప్పలేదు.

కొత్త రిజిస్టరులో నాలుగో గడి ఉంది:
మొదటి బోర్డు ఎంత దూరంలో ఉండెను?
రోజూ సాయంత్రం అంకె వేస్తాను.
ఏమీ జరగని రోజు కూడా వెయ్యాలి.
ఆ అంకె వేసేటప్పుడల్లా
బీరువా అడుగున్న పాతది
చెమ్మ వాసనేస్తుంది.

నిన్న తీశాను దాన్ని.
అంచున పెన్సిలుతో నాలుగో గడి గీశాను.
అసిరయ్య వరసలో
సున్నా అని రాయాలో తాటిమట్ట అని రాయాలో
చాలాసేపు తేలలేదు.
ముందు మూడో గడిలో నా మాట
అడ్డంగా కొట్టేశాను.

కొట్టివేత పక్కన
కొట్టేసినవాడి సంతకం ఉండాలి.
అది పాత రూలే.
పెట్టాను.