నిప్పు వైపు నుంచి ఎడమ

సెప్టెంబరు ఆఖరు. సరస్సు అంచున గడ్డికి తెల్లటి నూగు.
నార్వేలో మా లోయకి చలి చెప్పి రాదు.
రాత్రి మైనస్ మూడు.
ఇక వాయిదాకి సాకుల్లేవు.

పొయ్యి ముందు పాత దుప్పటి పరిచి
మోకాళ్ళ మీద కూర్చున్నాను.
ఆవు కడుపులో దూడని వెతికే పశువుల డాక్టరులా
భుజం దాకా చెయ్యి దూర్చాను.

ముందు పైనున్న అడ్డపలక.
ఎత్తి, వంచి, కాస్త పక్కకి తిప్పితే గాని రాదు,
మొండి పిల్లాడి ఒంటి మీది చొక్కాలా.
అప్పడంలా వంగిపోయింది.
జనవరిలో కరెంటు పోయిన ఆ నాలుగు రాత్రులూ
బర్చ్ దుంగలు తోస్తూనే ఉన్నది నేనే.
దాని తప్పేం లేదు.
మంట నేరుగా గొట్టంలోకి పారిపోకుండా
అడ్డం పడుకోవడమే దాని ఉద్యోగం.
అలా పడుకున్న వాళ్ళ నడుములు ఇలాగే ఉంటాయి.

తర్వాత ఇటుకలు.
సన్నటి పగులైతే పర్లేదు, గోరు దూరితే మార్చెయ్యమంది
సామాన్ల కొట్టు సిగ్నే.
వెనక ఇటుకలో నా వేలే దూరింది.

పక్క ఇటుకలు ఊడదీసి తిరగేస్తే
వీపుల మీద మేకుతో గీకిన అక్షరాలు.
కుడి పక్క దాని మీద: ఎడమ.
ఎడమ పక్క దాని మీద: కుడి.

టోర్మోడ్ చేతిరాత.
ఈ ఒడ్డున ఏ పొయ్యి కడుపు విప్పినా
ఎక్కడో ఒక చోట అతనుంటాడు.
మసి వేళ్ళతోనే వాళ్ళ చెల్లెలు ఒడ్‌లౌగ్‌కి ఫోన్ చేశాను.
ఈ పొయ్యి నాకు అమ్మింది ఆవిడే.
"మీ అన్న కుడి ఎడమలు తెలీకుండానే
నలభయ్యేళ్ళు పొయ్యిలు బాగుచేశాడా?"

అవతల కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు.
"వాడు నీ వైపు నుంచి రాయలేదమ్మా.
నిప్పు వైపు నుంచి రాశాడు.
లోపల కూర్చుని బయటికి చూసుకో.
ఇంట్లోనూ అంతే, ఎడ్డెమంటే తెడ్డెం.
మా తగాదాల్లో సగం అందుకే.
మిగతా సగం వాడిదే తప్పు."

ఫోన్ పెట్టేశాక
ఎవరూ చూడ్డం లేదు కదా అని
తల లోపల పెట్టాను.
తుప్పు వాసన. నాలిక మీద బూడిద.
చదరపు వెలుతురులో కుర్చీ కాళ్ళు,
ఒకదాని మీద ఒకటెక్కిన నా చెప్పులు,
నన్ను చూసి నమ్మలేని పిల్లి.
చలికాలమంతా మేమే దాన్ని చూస్తున్నాం అనుకునేదాన్ని.
కిటికీ నిజంగానే ఎడమ పక్కనుంది.

తలుపు చుట్టూ తాడు మార్చడమే పెద్ద పని.
పాతది చెక్క కట్టిన పుండులా
తునకలు తునకలుగా ఊడింది.
గాడి గీకి, జిగురు పోసి, కొత్తది పరిచాను.
లాగకూడదు. లాగితే సన్నబడి
రేపు గాలికి దారిస్తుంది.
లాగాను. తీసేసి మళ్ళీ పరిచాను.

మర్నాటికి జిగురు ఆరింది.
తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూడాలి,
జారి వచ్చేస్తే బిగువు లేనట్టు.
చేతికి దొరికింది కట్టెల బిల్లే.
పై పక్క గట్టిగా పట్టింది. గొళ్ళెం పక్క కూడా.
కీలు పక్క హాయిగా జారొచ్చింది.
గొణుక్కుంటూ కీలు బిగించాను.
మూడోసారికి బిల్లు చిరిగింది.
బిల్లు చిరిగితే సంతోషించడం
ఇదే మొదటిసారి.

మొదటి మంట చిన్నదే పెట్టాలి.
కొత్త ఇటుకల్లో ఇంకా తడి ఉంటుంది,
తొందరపడితే తొలిరోజే పగులుతాయి.
పుల్లలు నాలుగు, బిల్లు ముక్కలు.
గొట్టం ఒకసారి దగ్గి సర్దుకుంది.

కొత్త ఇటుకల వీపుల మీద నేనూ గీకాను.
ఎటు నుంచో చెప్పను.
ఇంకెప్పుడో విప్పేవాళ్ళు తల దూర్చి చూసుకుంటారు.

దుప్పటి దులుపుతుంటే
ఒక మర కిందపడింది.
ఎక్కడిదో తెలీదు.
పొయ్యి మాత్రం మండుతోంది.